విల్లో చీల

ఇంగ్లండులోని సఫోక్‌లో ఫెల్గేట్ల పొలం. ఆరువందల ఏళ్ల ఓక్ కొయ్యల ధాన్యపు కొట్టం ఈదురుగాలికి ఒరుగుతోంది. రైతు ఆంబ్రోస్ దూలం కింద జాకీ పట్టుకున్నాడు, వడ్రంగి టామ్సిన్ నిచ్చెన మీదుంది. పొద్దున్నే ఆంబ్రోస్ పనిలోంచి గెంటేసిన రూబెన్, భార్యతో కలిసి వాకిట్లో సామాను బండికెక్కిస్తున్నాడు.

“వదలకు ఆంబ్రోస్! వదిలావో, దూలం నీ నెత్తినే!”

“వదల్లేదు! త్వరగా కానియ్ టామ్సిన్!”

“బయట గొలుసు కప్పీ లాగే మనిషి కావాలి. రూబెన్‌ని పిలువు.”

“వాణ్నా? ఈ మూల దూలాన్ని మోసే ఊతం వదులు చేసిందే వాడు! శనివారానికల్లా నేనిచ్చిన ఇల్లు కూడా ఖాళీ చెయ్యమన్నా.”

“పసిపిల్లతోనా?”

“కొట్టం కూలిస్తే పూలదండ వెయ్యాలా?”

“రూబెన్! కప్పీ పట్టుకో నాయనా!”

“నా పని పోయిందిగా టామ్సినక్కా. మంచం ఎక్కిస్తున్నా.”

“విన్నావా వాడి పొగరు?”

“ఆంబ్రోస్, ఇటు చూడు. ఊతంలోంచి ఈ కొయ్య చీల ఊడి నా చేతికొచ్చింది.”

“చేతులు ఖాళీ లేవు!”

“కళ్లు ఖాళీయేగా. మా వడ్రంగులు రెండు కొయ్యల బెజ్జాలూ కావాలనే కాస్త అటూ ఇటూగా తొలుస్తారు. చీల దిగేకొద్దీ అతుకు బిగుస్తుంది. పాత చీల తీస్తే వంకరగా రావాలి. ఇది బాణంలా తిన్నగా ఉంది.”

“అయితే?”

“ఓక్ కాదు, బ్యాట్లు చేసే విల్లో కర్ర. బ్యాటుకి రాసే అవిసె నూనె వాసన, పక్కన బంతి తగిలిన ఎర్రమచ్చ. ఎవరో క్రికెట్ బ్యాటు చెక్కి చీల చేశారు.”

“రూబెన్ ఆడతాడుగా...”

“రూబెనా? బంతి వస్తే చెట్టు చాటుకి పోతాడు! నాలుగు ఆటల్లో నాలుగు సున్నాలు కొట్టి, బ్యాటు కంచెకేసి విరగ్గొట్టింది నువ్వు కాదూ?”

“గాలి పెరుగుతోంది. పని చూడు!”

“నీ కొత్త కోతమిషన్ ఎత్తెంత?”

“ఇప్పుడా అడిగేది?”

“ఊతం ఉంటే లోపలికి పడుతుందా?”

“...పట్టదు.”

“అందుకని ఊడదీశావు. మిషన్ లోపల పెట్టి, ఊతం చూపుకోసం ఈ చీలతో మళ్లీ తగిలించావు.”

“ఒక్క రోజు అనుకున్నా... అయ్యో, కొయ్య పగులుతోంది! రూబెన్! రూబెన్!”

“గొలుసు నా చేతిలోనే ఉందయ్యా. ఊతం తీసిందెవరో చెప్పండి. మా ఆవిడ ఇక్కడే ఉంది, తనకీ వినపడాలి.”

“తర్వాత మాట్లాడుకుందాం బాబూ!”

“తర్వాతంటే? దూలం పడ్డాకా?”

“వాడు కాదు... నేను.”

“నేనంటే ఎవరు? గాలికి వినపళ్లేదు.”

“చెప్పెయ్ ఆంబ్రోస్, జాకీ జారుతోంది!”

“తీసింది ఆంబ్రోస్! ఆంబ్రోస్ ఫెల్గేట్! ఇల్లు ఖాళీ చెయ్యొద్దు, ఆ మంచం తర్వాత దించుకో, ముందు గొలుసు లాగు రూబెన్!”