నిమ్మతోటలో రైకగుడ్డ

నాందేడ్ బజారులోని ఆ బట్టల దుకాణంలో మధ్యాహ్నం గిరాకీ లేదు. భార్యాభర్తలు సిసిలీ దీవి చూసొచ్చి వారం కాలేదు. కొండమీది ఊళ్లూ సముద్రతీరాలూ అన్నీ తిరిగినా, దుకాణదారు కళ్లలో ఒక్క ఫోటోయే మెదులుతోంది. చీరలు మడుస్తున్న భార్య వైపు ఫోన్ తిప్పాడు.

"గీ ముసలామెను చూడు. మనం నిమ్మతోట చూసి పోతుంటే బస్సులకెల్లి తీసిన."

"చూసిన."

"తలకు కట్టిన గుడ్డ చూడు. పచ్చరంగు, ఎర్రంచు. అచ్చం మన దుకాణంల మాల్ లెక్కనే. గా దేశంల గూడ నడుస్తున్నదంటే మనం ఇక్కడికెల్లి పంపొచ్చు."

"ఏం పంపకుండ్రి. అది మన దుకాణందే."

"మనది అక్కడికెట్ల పోతది?"

"ఇమానంల భయమైతదని, అమ్మ తోడుంటదని, మాహూర్ రేణుకమ్మకు తీసిపెట్టిన రైకగుడ్డ సంచిల ఏసుకున్న. తోటల ఆ ముసలామె నా కొంగు నిండ నిమ్మకాయలు పోసింది. ఒడి నింపినామె కాడికెల్లి ఉత్తగనే ఎట్ల లేచొస్త?"

"అమ్మవారిది ఇచ్చినవా?"

"ఇచ్చిన. రైక కుట్టుకునుడు ఆమెకేం ఎరుక, తలకు కట్టుకున్నది. కోపమొచ్చిందా?"

ఆయన ఫోన్ పక్కన పెట్టి, అరలోంచి రైకగుడ్డల కట్ట దించాడు.

"అమ్మవారికి గసొంటిదే ఇంకోటి తియ్యి," అన్నాడు. మళ్లీ ఫోన్ అందుకుని, ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"అంచు లోపటికి మడవలే. నొసటి మీద కనవడేటట్టే కట్టింది. బట్ట ఎరిగిన మనిషే."