లారీ నట్టులిప్పే గన్ను మా షెడ్డుకొచ్చిన యాడాది

"అమ్మమ్మా, నువ్వు లారీ చక్రాల నట్టులు ఇప్పే పని ఎట్ల మొదలుపెట్టినవ్? అమ్మనడిగితె సగం సగమే చెప్తది."

ఫోన్ల రికార్డు పెట్టినవా? నా గొంతు మంచిగ రాదు బిడ్డా, పొద్దుగాల సంది దగ్గు. సరె, వచ్చినంత వస్తది.

మీ అమ్మకు తెల్సింది సగమే. అప్పుడది మిర్యాలగూడల హాస్టల్ల ఉండి సదువుతుండె. ఆదివారం ఆదివారం వచ్చేది... కాదు కాదు, ఆదివారం యాడ పంపిస్తరు, రెండో శనివారం వచ్చేది. అందుకే ముచ్చట మొత్తం దానికి తెల్వదు.

మాది నడిగూడెం గదా. మీ తాతదీ ఆ ఊరే. నాట్లకు, కోతలకు కూలికి పోయేటోళ్లం. పెండ్లయినంక మీ తాత లింగయ్య కోదాడల టైర్ల షాపుల పనికి కుదిరిండు. గాడ పని నేర్చుకొని, తర్వాత హుజూర్‌నగర్ రోడ్డుకు సొంతంగ ఈ రేకుల షెడ్డు ఏసిండు, దాని ఎనకనే మేముండేది. అప్పుడు చాయ రూపాయికి వస్తుండె. ఇప్పుడు రూపాయి పట్టుకపోతె చాయ కాదు, కప్పు గూడ సూపియ్యరు. ఏం చెప్తున్న నేను... ఆఁ, షెడ్డు. ఈ రోడ్డు మీద మఠంపల్లి దిక్కెల్లి సిమెంటు లారీలు, మిర్యాలగూడ మిల్లులకెల్లి బియ్యం లారీలు. తెల్లందాక బండ్లే బండ్లు. అండ్ల ఏదో ఒకదాని టైరు పోకుంట ఉంటదా? మా బువ్వ దాంట్లనే ఉండె.

నువ్వు కారు టైరు మార్చుడు సూసి ఉంటవ్. అది ఏరు. లారీ చక్రం నట్టు అంటె నీ పిడికిలంత ఉంటది. బరువుకు, ఎండకు, వానకు అది ఇనుముకు కరుసుకపోతది. దానికి పానా తొడగాలె, పానాకు మనిషంత పొడుగు పైపు తొడగాలె, ఇగ ఆ పైపు మీద ఎక్కి తొక్కాలె. తొక్కితె రాకపోతె ఎగరాలె. మీ తాత లారీ బాడీ పట్టుకొని పైపు మీద ఎగురుతుంటె లారీ లారీ ఊగేది. అంగి పిండితె నీళ్లు కారేటియి. ఒక్కొక్క చక్రానికి పది నట్టులు. రాత్రి బువ్వ తినేటప్పుడు ఏళ్లు ముడుసుకోకపోతుండె, నేను ముద్దలు చేసి పెట్టేదాన్ని. సిగ్గుపడేటోడు. "పిల్ల సూస్తది, తలుపెయ్యి" అనేటోడు.

గట్లనే ఎండకాలం ఒక పగటియాల్ల పైపు జారింది. మీ తాత పోయి కింద పడున్న ఇనుప రింగు మీద పడ్డడు. కుడి జబ్బ. నేను లోపల బియ్యం కడుగుతున్న, టప్పుమని సప్పుడైంది. పైపు పడ్డదేమో అనుకున్న. బయటికొచ్చి సూస్తె మనిషి లేస్తలేడు.

సూర్యాపేట దవాఖానకు తీస్కపోయినం. డాక్టరు సారు మంచిగనే సూసిండు. "బొక్క అతుక్కుంటది గని, ఈ చేత్తోటి బరువు పని ఇగ చెయ్యొద్దు" అన్నడు. మీ తాత "సరే సారూ" అన్నడు, అంతే.

ఇంటికొచ్చినంక అసలు బాధ మొదలైంది. షెడ్డు మూసుంది. బండ్లు వస్తయి, ఆరన్ కొడ్తయి, ఎవ్వరు రాకపోతె పోతయి. ఆరన్ కొట్టినప్పుడల్లా మీ తాత మంచంల ఇటుదటు మర్లుతడు. లెవ్వలేడు.

కట్టు మార్పిచ్చనీకి మళ్ల సూర్యాపేట పోయినం. వచ్చేటప్పుడు బస్సు కోసం రోడ్డు మీద నిలబడితె, ఎదురుంగ పెద్ద టైర్ల షాపు. గాడ ఒక బక్క మనిషి, నడీడు ఉంటడు, చేతుల తుపాకి లెక్క ఒకటి పట్టుకున్నడు, దానికి కరెంటు వైరు. లారీ నట్టుకు ఆనిచ్చి నొక్కిండు. టకటకటకటక... డుర్ర్‌ర్ మన్నది. నట్టు ఊడొచ్చి ఆయన చేతుల పడ్డది! మళ్లొకటి. మళ్లొకటి. ఆయన నుదుటికి చెమట గూడ లేదు బిడ్డా. నేను నోరు తెరుసుకొని సూస్తున్న. పక్కకు తిరిగి సూస్తె మీ తాత ముఖం అటు తిప్పుకొని నిలబడ్డడు, బస్సు వచ్చే దిక్కు.

నేను రోడ్డు దాటిపోయిన. "అన్నా, జర నేను పట్టుకోనా?" అన్న. ఆయన నవ్విండు గని ఇచ్చిండు. బరువు ఉంది, లేదనొద్దు. నాలుగు నెలల పిల్లను ఎత్తుకున్నట్టు ఉంది. గంత బరువు పిల్లను చంకనేసుకొని నాట్లేసిన దాన్ని, నాకొక లెక్కనా? "నొక్కినంక చేతిని గుంజుతది అక్కా, రెండు చేతులతోటి పట్టు, కాళ్లు దూరం పెట్టి నిలబడు" అని చెప్పిండు. ఆయన పేరు గూడ అడగలే నేను. యాడున్నడో, సల్లగుండాలె.

గన్ను ఎట్ల కొన్ననో ఇప్పుడెందుకు, కొన్న. తెచ్చి షెడ్డుల పెట్టిన నాడు మీ తాత దానిదిక్కు సూడలే. అటు మర్లి పండుకొనే ఒక మాటన్నడు. "నీ మిషిని నువ్వు తెచ్చుకున్నవ్. ఇగ నన్ను నడిగూడెం పంపియ్యి, మా తమ్మునింట్ల కూసుంట."

నేను పోయి పొయ్యి అంటిచ్చిన. ఏమంటె ఏమైతదో అని భయం. ఆనాటి సంది నాతోటి మాటలు బంద్. నీళ్లు కావాల్నంటె చెంబు ముంగట పెట్టేటోడు.

మొదాలొచ్చిన డ్రైవరు బియ్యం లారీ ఆయన. బండి ఆపి "పెద్దాయన ఏడి?" అన్నడు. జబ్బ ఇరిగింది, నేను ఇప్పుత అన్న. నన్ను కిందికెల్లి మీదిదాక సూసిండు. చీర మీద మీ తాత అంగి తొడుక్కొని ఉన్న. "ఆడోళ్లు బిగిచ్చిన చక్రం మీద గింత లోడుతోటి నేను ఇజీవాడ పోవాల్నా?" అని బండెక్కి పోయిండు. అది గూడ మీ తాత ఇన్నడు, లోపలనే ఉన్నడు గదా. ఇద్దరికి కండ్లల్ల నీళ్లే, ఎవలకు వాళ్లం.

తర్వాత ఒకరోజు పాత లారీ ఒకటొచ్చింది. మస్తు పాతది. డ్రైవరు జగ్గయ్యపేట దిక్కాయన. "తల్లీ, ఎవరు తీస్తే ఏంటమ్మా, తొందరగా తీసిపెట్టు, అవతల సరుకు దించాలి" అన్నడు. ఆయన అట్లనేసరికి నాకు పానం లేసొచ్చింది. జాకీ పెట్టిన, గన్ను ఆనిచ్చిన, నొక్కిన. టకటకటకటక... నట్టు కదల్తలేదు. మళ్ల నొక్కిన. చేతులు అదురుతున్నయి, పండ్లు అదురుతున్నయి. నట్టు ఉన్నకాడనే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గప్పుడు లోపలికెల్లి కేక. "ఆపు! ఆపు సైదమ్మా! అది ఎడమదిక్కు చక్రం!"

ఎన్నిరోజులకో ఇన్న గొంతు. చెయ్యి మెడకు కట్టుకొని, ఉత్త కాళ్లతోటి బయటికొచ్చిండు. పాత లారీలకు ఎడమదిక్కు నట్టులు ఉల్టా తిరుగుతయి బిడ్డా. కుడిదిక్కు ఇప్పినట్టు తిప్పితె అవి ఇంకింత బిగుస్తయి. మీ తాత పైపు తొక్కేటప్పుడు ఆ దిక్కు మర్లి నిలబడేటోడు, నేను సూసిన గని ఎందుకు మర్లిండో ఎన్నడు అడగలే. మంచి చెయ్యిని నా ముంగట తిప్పి సూపిచ్చిండు, ఇటు కాదు, ఇటు అని. గన్నుకు లివర్ ఉంటది, అది మార్చిన. నొక్కిన. రెండు టకటకలు, డుర్ర్‌ర్. ఊడింది!

"నీకు లోపలికి ఎట్ల తెల్సింది?" అన్న. "నట్టు లొంగినంక సప్పుడు మారాలె. మారుతలేదు గదా" అన్నడు. గన్ను సప్పుడు ఎట్ల మారుతదో ఆయనకెట్ల తెల్సు? సూర్యాపేటల ముఖమైతె తిప్పుకున్నడు గని, చెవులు ఆ షాపుకాడనే పెట్టిండన్నట్టు.

గాడికెల్లి ఇద్దరం పనిల పడ్డం. గన్ను నాది, ఆఖరు మాట ఆయనది. బిగిచ్చేటప్పుడు ముందుగాల చేత్తోటే తిప్పి ఎక్కియ్యమనేటోడు, ఆ తర్వాతనే గన్ను. గన్ను అయినంక ఆయన ఎడమ చేత్తోటి పానా ఏసి, ఒక్కొక్క నట్టు పట్టి సూసేటోడు. "మిషినికి ఏం తెల్సు, దాని పని అది చేస్తది. రోడ్డు మీద పోయేది మనిషి" అనేటోడు. ఇజీవాడ డ్రైవరు గూడ మళ్లొచ్చిండు. "ఏమక్కా, ఇప్పు" అన్నడు. ఇప్పిన. పాత మాటెందుకని నేనెత్తలే, ఆయనెత్తలే.

గని మీ తాత గన్నును ముట్టకపోతుండె. పక్కకు జరపాల్నన్న కాలితోటి జరిపేటోడు.

ఒకరోజు... ఇది మీ అమ్మకు తెల్వదు. పగటియాల్ల, డ్రైవరు బువ్వకు పోయిండు, నేనూ ఆయన అంతే. "ఇటియ్యి" అన్నడు. ఏందో అనుకున్న. గన్ను అడుగుతున్నడు. ఎడమ చేతికిచ్చి, కిందికెల్లి నేను బరువు పట్టుకున్న. ఆయన నొక్కిండు. తుప్పు పట్టిన నట్టు, సూస్తె నాకే భయమైంది. టకటక, డుర్ర్‌ర్. అయిపాయె. నట్టు తీసి అరచేతుల పెట్టుకున్నడు, ఎచ్చగ ఉంది అది.

"ఇంతేనా?" అన్నడు.

అని టైరు మీద కూసున్నడు. "ఇంతేనా సైదమ్మా" అన్నడు మళ్ల.

నాకు సమజైంది. మీ తాతోళ్ల అయ్య పోయిన నాడు నడిగూడెం నుంచి మనిషొచ్చిండు, అయ్యకు బాగలేదు, నిన్నే అడుగుతుండు, జల్ది రా అని. గప్పుడు సిమెంటు లారీ జాకీ మీద ఉంది. అన్ని నట్టులు వచ్చినయి, ఒక్కటే రాలే. డ్రైవరు కాళ్లు పట్టుకున్నంత పని చేసిండు, నడిమిట్ల ఇడిసిపెట్టకు అని. మీ తాత "ఇగో అయిపాయె, ఇగో అయిపాయె" అనుకుంట ఎగిరిండు, సుత్తెతోటి కొట్టిండు, కిరసనాయిలు పోసిండు. పొద్దు గుంకినంక వచ్చింది ఆ నట్టు. నడిగూడెం పోయేసరికి అయ్యను బయట పండవెట్టిన్రు. ఎంత దూరమని? కోదాడకు నడిగూడెం ఎంత దూరం బిడ్డా?

గది యాదికొచ్చింది ఆయనకు. ఏడ్వలే. నట్టును చేతుల అట్ల తిప్పుకుంట కూసున్నడు. పక్కన కూసున్న. ఆ నాడు ఈ గన్ను ఉంటె అని ఇద్దరం మనసులనే అనుకున్నం.

డ్రైవరు పుల్లతోటి పండ్లు కుట్టుకుంట వచ్చిండు. "అయిపోయిందా పెద్దాయనా?" మీ తాత లేసిండు. మిగిలిన నట్టులు గన్నుతోటి ఆయనే ఇప్పిండు, నేను బరువు పట్టుకొని నిలబడ్డ.

తెల్లారి సూస్తె ఏం చేసిండంటవ్? పాత ట్యూబు కోసి, పట్టీలు చేసి, షెడ్డు దూలానికి కట్టి, దానికి గన్నును ఏలాడదీసిండు. బరువంత రబ్బరు పట్టీ మోస్తది, మనం ఊకె ఆనిచ్చి నొక్కుడే. గుంజితె కిందికొస్తది, ఇడిస్తె మీదికి పోతది. ఇగ ఒక్క చెయ్యి చాలు. రోడ్డెంబడి పోయే డ్రైవర్లు ఆగి సూసిపోయేటోళ్లు. మీ తాత చిన్నపోరని లెక్క గుంజి, ఇడిసి సూపిచ్చేటోడు. అది సూసినంక నాకు కడుపునిండ నిద్ర పట్టింది.

ఇప్పుడంటె బ్యాటరీవి వచ్చినయి, వైరు లేదు, ఏం లేదు. ఇప్పుడు షెడ్డు సూసుకునే మీ మామ అదే వాడుతున్నడు. మంచిదే. నా చేతులకు ఇప్పటికి తిమ్మిరి ఉంది, సూడు, గీ బొటనేలు, దాని పక్కది. ఊకెనే రాదు గదా ఏదైనా.

నువ్వు నర్సు పని నేర్సుకుంటున్నవ్. రోగులను లేపుడు, కూసోబెట్టుడు, అది గూడ రెక్కల కష్టమే. మనసుపెట్టి చెయ్యి బిడ్డా, పేరు తెచ్చుకో. నీ నడుము, నీ భుజాలు పైలం. ఇంట్ల ఎవలన్న నిన్ను అడుగుతుండ్రు అని కబురొస్తె, నీ పని అందుకునే ఇంకో మనిషి పక్కన ఉండాలె, నువ్వు బస్సెక్కి యాళ్లకు పోయి వాళ్ల చెయ్యి పట్టుకోవాలె. గంతకన్న ఏం కోరుత నీకు...