నలభయ్యో పేజీ

డ్యూటీ నుంచి వచ్చిన నర్సు అక్క, యూనిఫాం కూడా మార్చుకోకుండా వాతావరణ శాస్త్రవేత్త అయిన తమ్ముడు రాసిన నివేదిక తిరగేస్తోంది.

“పైన ఆకాశంలో ఎండను అడ్డుకునే పొడి చల్లితే భూమి చల్లబడుతుందన్నావు. మరి పటంలో మన ప్రాంతం ఎర్రగా ఉందేంట్రా?”

“వాన మబ్బులు తగ్గి ఇక్కడ వేడి పెరగొచ్చక్కా. ప్రపంచం మొత్తానికి సగటున ఒక డిగ్రీ తగ్గుతుంది.”

“ఆ ముక్క మొదటి పేజీలో లేదే?”

“అబ్బబ్బా, ఎన్నిసార్లు చెప్పాలి? మొదటి పేజీలో సగటే రాస్తాం. పటం నలభయ్యో పేజీలో పెట్టాంగా!”

“అక్కడిదాకా ఎవడు చదువుతాడ్రా?”

“అది మా పద్ధతి. నా ప్రాణం తియ్యకు.”

“ఇవాళ వడదెబ్బతో పదకొండుమంది వచ్చార్రా. మంచాలు చాలక నేలమీద పడుకోబెట్టాం. రేపు వెళ్ళి వాళ్ళకేం చెప్పను, మీరంతా నలభయ్యో పేజీలో ఉన్నారనా?”