ఛాసిస్ నంబరు మీద పసుపు

పాత కార్ల సామాన్లతో చంద్రకళ షెడ్డులో సొంతంగా కట్టుకున్న హాట్‌రాడ్ కారు ఆరోజు రిజిస్ట్రేషన్ తనిఖీకి వెళ్లింది. ఐరిష్ పట్టణం కార్లోలో ఆ ఆఫీసు బయట విజయేంద్ర చలికి వణుకుతూ, భార్య ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. ఆమె రానే వచ్చింది.

"ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు?"

"ఛాసిస్ నంబరు కనబడట్లేదన్నాడు. ఏదో పూసి దాచామని అనుమానం. పొద్దున పూజ చేసింది మీరేగా?"

"అయ్యో! చదునుగా ఉందని అక్కడే పసుపు రాసి బొట్టు పెట్టా. నంబరు అక్కడుందా?"

"సరిగ్గా అక్కడే."

"నీ కష్టమంతా నేనే మట్టిపాలు చేశానే! దొంగబండి అనుకుని గార్డా పోలీసులను పిలుస్తాడా?"

"కంగారుపడకండి. నేనే తుడిచి చూపించా. వెల్డింగ్ ఎవరు చేశారని అడిగాడు. నేనే అన్నా. బండి కిందకి దూరి ఎంతకీ బయటికి రాడే!"

"వంక పెట్టాడా?"

"వాళ్ల పెద్దాయన్ని కూడా పిలిచి చూపించాడు. ఇద్దరూ 'గ్రాండ్' అన్నారు. పాసైంది."

"మరి నా బొట్టు?"

"మళ్లీ పెట్టుకోమన్నాడు. నంబరుకి కాస్త పక్కనట."

విజయేంద్ర జేబులోంచి కుంకుమ పొట్లం తీశాడు.

"బండి సంగతి తర్వాత. ముందు కట్టినావిడకి. ఇటు తిరుగు."