గుర్రాలకు లంగాలు

బోగోలులో ఒక అద్దె గది. యూరప్ పాతకాలపు యోధుల గుర్రం బొమ్మ ఒకటి బల్ల మీద ఉంది. బొటనవేలంత బొమ్మ. దాని వీపు మీంచి కాళ్ళ దాకా వేలాడే గుడ్డను రూఫస్ పుట్టీతో మలుస్తున్నాడు. గుమ్మంలో అక్క ఫ్లోరా.

"తల కూడా ఎత్తవా రూఫస్? నాయన ఆస్పత్రిలో ఉండాడంటే!"

"విన్నాలే అక్కా. తొడ ఎముక ఇరిగింది, కట్టు కడతారు. నేనొచ్చి ఏం చేయాల, పాట పాడాల్నా?"

"ఎట్టా వస్తాయిరా నీకా మాటలు?"

"పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం నిలబడబాక. పుట్టీ గట్టిపడితే మడతలు పడవు."

"మడతలంట! బొటనేలంత గుర్రానికి గుడ్డ, ఆ గుడ్డకి మళ్ళీ మడతలు. పెళ్ళీడు దాటిపోతా ఉంది నీకు."

"అచ్చం నాయన మాటే. చర్చి వాకిట్లో అందరి ముందర ఏమన్నాడు? 'మావాడు గుర్రాలకు లంగాలు కుడతాడు' అని. పాస్టరు గారు కూడా నవ్వినాడు."

"తమాషాకన్నాడు."

"తమాషాకే నా గుర్రాలన్నీ గోతంలో ఏసకపోయి ఉప్పుకాలవలో కుమ్మరించినాడా? పుట్టీని అప్పడం మాదిర పలచగా ఒత్తి, ఒక్కో అంచు సూదిమొనతో ఎత్తినా. పరిగెత్తే గుర్రం మీద గుడ్డ గాలికి లేచినట్టు. ఆయనకేం తెలస్తాది? బోటు ఇంజన్లకి గ్రీసు పూసే మనిషి."

"ఆ గ్రీసు చేతులే నిన్ను సాకినాయి."

"సాకినాయిలే. పూటకోసారి ఆ మాట ఎత్తి చూపిస్తా సాకినాయి."

"ఒక్కసారి వచ్చి కనపడి పోరా. నిన్నే అడగతా ఉండాడు."

"నన్నా? ఎందుకంట, పారెయ్యడానికి ఇంకేమన్నా మిగిలిందా?"

"నీతో మాట్లాడలేను."

"పో అయితే. అవునూ, అసలెట్ట పడినాడు? మళ్ళీ తాగినాడా?"

"ఛీ! ఎప్పుడో మానేసినాడు. జారినాడు."

"యాడ?"

"ఆడే... బయట."

"బయటంటే? బోటు మీదా?"

"యాడైతే నీకెందుకు? వస్తే రా, లేకుంటే లేదు."

"నీళ్ళు నములుతావేంది? ఎవురితోనన్నా కొట్లాడినాడా? ఆ నోటికి ఎవురో తోసుంటారు. మంచి పని చేసినారు."

"నోరు ముయ్! ఎవురూ తోయలా."

"మరి చెప్పడానికేం?"

"వాడికి మాత్రం చెప్పబాక అని నా దగ్గర మాట తీసుకున్నాడు."

"నాకు చెప్పకూడదా? ఏంది చెప్పకూడదు?"

"కాలవలో పడినాడురా. నువ్వు ఇల్లిడిసి వచ్చేసిన కాడ్నించీ తెల్లారగానే పోయి, నడుంలోతు నీళ్ళల్లో దిగి బురదలో దేవులాడతా ఉండాడు. దొరికిన గుర్రాలన్నీ కడిగి మా వంటింట్లో ఆరబెట్టినాడు."