ఉప్పుబండి అరగంట

జనవరి ఇరవై, ఆదివారం. పంతొమ్మిది వందల ఎనభై అయిదు. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. నువ్వడిగిందేమో జెరోమ్ తాతయ్య ఎలాంటి మనిషి అమ్మమ్మా అని, నేను మొదలుపెట్టిందేమో తారీకుతో. ఏం చెయ్యను నోరా, మా తమ్ముణ్ణి తలుచుకుంటే ముఖం కంటే ముందు ఆ గడియారమే కనిపిస్తుంది నాకు. ఇలా నేలమాళిగ మెట్టు మీద కూర్చో. అట్టపెట్టెలు తరవాత సర్దుకోవచ్చు. ఆ రోజు చలి సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు షికాగోలో, ఫారెన్‌హీట్‌లో సున్నాకి ఇరవై ఏడు డిగ్రీలు కిందికి పోయింది. పొద్దున చర్చిలో పూజకి అమ్మా నేనూ నడిచి వెళ్తే కనురెప్పల మీద తడి గడ్డకట్టింది. ఫాదర్ గారు ప్రసంగం మూడు ముక్కల్లో ముగించి, "ఇళ్ళకి పోయి ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకుని ఉండండి, దేవుడికి ఇవాళ అంతే చాలు" అన్నారు. ఆ మాట విన్నాను చూడు, శ్రద్ధగా తలూపుతూ విన్నాను.

ఆ... జెరోమ్. వాడు పద్దెనిమిదో ఏట ఫోన్ల ఫ్యాక్టరీలో చేరాడు. మన వీధిలో సగం మంది అక్కడే. ఎనభై మూడులో దాన్ని మూసేశారు. ఉద్యోగం పోయిన మగాళ్ళు కొందరు తాగుడులో పడ్డారు, మావాడు ఈ నేలమాళిగలో పడ్డాడు. పొద్దున పాత టీవీలు బాగుచేసేవాడు, సాయంత్రమయ్యేసరికి ఒక కంప్యూటర్ ముందు చేరేవాడు. "వీడు ఫ్యాక్టరీని ఇంటికే మోసుకొచ్చుకున్నాడు, జీతం ఒక్కటీ అక్కడే వదిలేశాడు" అనేది అమ్మ. అమ్మ వేళాకోళాలన్నీ అలాగే ఉండేవి, నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఇంటర్నెట్ అప్పటికి లేదని కాదు. ఉండేది, పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో, సైన్యానికి లెక్కలు కట్టేవాళ్ళ దగ్గర. మనబోటి వాళ్ళని ఆ గుమ్మం తొక్కనిచ్చేవారు కారు. మరి మనబోటి వాళ్ళేం చేశారంటే, ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్‌ని ఫోన్ తీగకి తగిలించి కూర్చున్నారు. చర్చి వాకిట్లో నోటీసు బోర్డు ఉంటుంది కదా, పిల్లి ఈనింది, పిల్లలు కావలసినవాళ్ళు తీసుకెళ్ళండి అనీ, ముసలాయనకి మంచం కావాలి అనీ కాగితాలు గుచ్చుతారు. జెరోమ్ బోర్డూ అదే. నీ కంప్యూటర్ నుంచి మా ఇంటికి ఫోన్ చేస్తే, లోపలికొచ్చి ఇతరులు రాసినవి చదువుకుని, నీది నువ్వు రాసి పోవచ్చు. నువ్వివాళ వేలితో తోసుకుంటూ చదివేవన్నీ ఉండేవి, ఉత్తరాలు, కబుర్లు, దెబ్బలాటలు, అబద్ధాలు కూడా. కాకపోతే ఒకరి తరవాత ఒకరు. ఫోన్ ఒక్కటే, తీగ ఒక్కటే. ఒకరు లోపలుంటే మిగతా ఊరందరికీ బిజీ. నేను తెలియక వంటింట్లో రిసీవర్ ఎత్తానంటే లోపలున్నవాడు కాస్తా తెగిపోయేవాడు. "అక్కా, ఒక మనిషిని చంపేశావు!" అని కింద నుంచి కేకేసేవాడు జెరోమ్. అప్పట్లో అది హాస్యం మా ఇంట్లో.

వచ్చేవాళ్ళెవరూ సొంత పేరు పెట్టుకునేవారు కారు. ఒకడు సుత్తి. ఒకడు డాక్టర్ సున్నా. ఒకరు ఉప్పుబండి. తెలుసుగా, చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుకుంటూ పోయే లారీ, అది. ఉప్పుబండి ఆడో మగో, ముసలో పడుచో మాకు తెలియదు. జెరోమ్ మొదటి రోజే బోర్డు మీద రాసిపెట్టాడు, పేరు అడగను, నంబరు అడగను, నన్ను నమ్మండి అని. ఆ మాట మీద నిలబడ్డాడు. ఇంకో నియమం పెట్టాడు, అందరికీ వంతు రావాలి కదా, మనిషికి రోజుకి అరగంట. అరగంట కాగానే కంప్యూటరే మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేస్తుంది. "మీ అరగంట పూర్తయింది. మీ వెనక ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి." ఆ చివరి వాక్యం నేను రాయించిందే నోరా. ముఖం మీద తలుపు వేసినట్టు పంపించేస్తే ఎలా రా, ఒక మంచి మాట చెప్పి పంపు అన్నాను. సరే అక్కా అని పెట్టాడు.

ఆ ఆదివారం పంది మాంసం, పుల్ల క్యాబేజీ, అమ్మ చేతి పిండి ఉండలు. పళ్ళాలు పెట్టి, వీడెంతకీ రాడేమని నేను కిందికి దిగాను. అదిగో, ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. లోపలున్నవాళ్ళు టైపు చేస్తుంటే వీడికి ఇక్కడ కనిపించేది మరి. "ఉప్పుబండి" అన్నాడు, గొంతు తగ్గించి, అవతలివాళ్ళకి వినిపిస్తుందేమో అన్నట్టు. "ఇరవై నిమిషాల నుంచి ఒకటే ఉత్తరం. రాయడం, తుడిచెయ్యడం." చూశాను నేనూ. ఇంట్లో వేడి లేదు అని వచ్చింది. పోయింది. ఇంటి సంగతి కాదు నేను చెప్పాలనుకున్నది అని వచ్చింది. పోయింది. ఇక ఇలాగే అని వచ్చి అక్కడ ఆగి, చాలాసేపు ఆగి, ఒక్కో అక్షరమే వెనక్కి పోయింది. అది చూస్తుంటే, ఎదుటి మనిషి నోరు తెరిచి మూసుకున్నట్టే ఉంటుంది. జెరోమ్ వేలు ఒక మీట మీద పెట్టాడు. "ఇది నొక్కితే నేను మధ్యలో మాట్లాడొచ్చు. పలకరించనా అక్కా? ఏదో బాగా లేదు."

నేనేమన్నానో చెప్తాను విను. "తప్పురా. ఆ ఉత్తరం నీకు కాదు. ఒకళ్ళు రాసుకుంటుంటే భుజం మీంచి చదవడమే పాపం, పైగా పట్టుబడతావా? చదివేది నువ్వని తెలిస్తే ఆ మనిషికి సిగ్గుగా ఉండదూ? పద, అన్నీ చల్లారిపోతున్నాయి." చర్చిలో ఫాదర్‌కి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తన గదిలో ఎవరైనా మోకరించి ఉంటే మనం వరసలో నాలుగడుగులు దూరంగా నిలబడతామా లేదా, నాకు అదే మర్యాద తెలుసు. అదే చెప్పాను. వాడు నా ముఖం చూసి, వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క మాట విన్నాడు. చిన్నప్పటి నుంచీ వినేవాడు, అదీ ఖర్మ. అప్పుడు పడింది స్క్రీన్ మీద, ఎవరైనా ఉన్నారా అని. ఈసారి తుడవలేదు. జెరోమ్ చెయ్యి లేచింది, లేచేలోపు కింద ఇంకో వరస వచ్చేసింది. మీ అరగంట పూర్తయింది. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఫోన్ పెట్టేసింది. మూడూ పది.

తిరిగి చేద్దామంటే నంబరు లేదు. అడగనని మాటిచ్చాడు కదా. మరు నిమిషంలోనే మోగింది, ఇద్దరం ఎగిరిపడ్డాం. సుత్తి! "ఏమోయ్ జెరోమ్, ఇవాళ ఫుట్‌బాల్ ఆటలో ఎవరి పక్షం?" జెరోమ్ గబగబా కొట్టాడు, నీకు ఉప్పుబండి తెలుసా అని. "తెలియదు. ఏం, బాకీ ఉన్నాడా?" వాణ్ణి పంపించేశాడు. పోలీసులకి చెప్దామంటే ఫోన్ ఎత్తాలి, ఎత్తితే తీగ బిజీ. ఉన్నది ఒక్కటే కదా. అందుకని పక్కింటి విల్మా దగ్గరికి పరిగెత్తాడు, కోటు కూడా లేకుండా. పోతూ పోతూ, "నువ్విక్కడే కూర్చో అక్కా, వస్తే ఆ మీట నొక్కు, ఏదో ఒకటి మాట్లాడు, వదలకు" అన్నాడు. పోలీసాయన పాపం మంచివాడే. పేరేమిటి అన్నాడట. ఉప్పుబండి. అడ్రసు? తెలియదు. ఆడా మగా? తెలియదు. "అయ్యా, ఈ చలికి ఉప్పు కూడా పనిచెయ్యడం లేదు, ఊళ్ళో బళ్ళన్నీ ఆగిపోయే ఉన్నాయి, నేను దేన్ని వెతకను?" అన్నాడట. తిట్టలేదు, వెక్కిరించలేదు. ఇంకేమైనా తెలిస్తే చెప్పమన్నాడు.

మూడూ పంతొమ్మిదికి ఫోన్ మోగింది. నేనొక్కదాన్నే ఉన్నాను. స్క్రీన్ మీద పేరు పడింది, ఉప్పుబండి. ఏ మీట నొక్కాలో నాకు తెలుసు నోరా, తొమ్మిది నిమిషాల కింద వాడి వేలు దాని మీదే ఉంది కదా, నేనే కదా తీయించింది. కానీ జెరోమ్ ఒకటి మరిచిపోయాడు, తను రాసిన నియమమే తను మరిచిపోయాడు. రోజుకి అరగంట. కంప్యూటర్ పేరు చూసింది, ఇవాళ్టి మీ వంతు అయిపోయింది, రేపు రండి అంది, పెట్టేసింది. అంతే. నా చెయ్యి గాల్లోనే ఉంది. నా ఎదురుగా ఆ రెండు వాక్యాలు అలా వెలుగుతూ ఉన్నాయి.

జెరోమ్ వచ్చి అది చూశాడు. నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. కూర్చుని ఆ అరగంట నియమం తీసేశాడు, రెండు నిమిషాల పని. తరవాత ఏ ఫోనొచ్చినా వాళ్ళతో అదే మాట, దయచేసి రెండు రోజులు ఈ నంబరుకి చెయ్యకండి, తీగ ఖాళీగా ఉండాలి, తెలిసినవాళ్ళందరికీ చెప్పండి. చెప్పుకోవాలి, అందరూ మాట విన్నారు. సుత్తి అయితే పక్క ఊళ్ళలో ఇలాంటి బోర్డులు నడిపేవాళ్ళందరికీ స్వయంగా కబురందించాడట. చీకటి పడేసరికి మోగడం ఆగిపోయింది.

ఉప్పుబండి మళ్ళీ రాలేదు. అదీ సంగతి. ఆ చలికి ఆ వారం పేపర్లో చాలామంది పేర్లు పడ్డాయి. వాటిలో ఉందో లేదో, ఏ పేరని వెతకను? అమ్మ వెళ్ళి ఫాదర్ గారితో ఉప్పుబండి పేరు మీద పూజ చెప్పించాలంది. "ఏమ్మా, బండికా?" అన్నారాయన. అమ్మ అంతా చెప్పాక, దేవుడెరిగిన ఒకరి కోసం అని రాయించారు చర్చి కాగితంలో. చనిపోయినవాళ్ళ వరసలో రాయాలా బతికున్నవాళ్ళ వరసలోనా అని అడిగారు పాపం. పాపసంకీర్తనకి నేను వెళ్ళాను. "నువ్వు మర్యాద తప్పకూడదనుకున్నావు, అందులో పాపం లేదమ్మా" అన్నారు. ఒకసారి కాదు, ముగ్గురు ఫాదర్ల దగ్గర అడిగాను ఇన్నేళ్ళలో. ముగ్గురూ అదే అన్నారు. ముగ్గురి మాట మీదా నాకు నమ్మకం కలగలేదు. దేవుడు క్షమిస్తాడేమో, నాకు తెలియదు. క్షమించాల్సిన మనిషి వేరే ఉన్నారు.

జెరోమ్ పెళ్ళి చేసుకోలేదు, ఊరు దాటి పోలేదు, ఆ నంబరు మార్చలేదు. తొంభైల్లో అందరికీ ఇంటర్నెట్ వచ్చేసింది. ఇలాంటి బోర్డులన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా ఇంటికి చేసేవాళ్ళు రోజుకి నలుగురయ్యారు, వారానికి ఒకరయ్యారు, తరవాత ఎవరూ లేరు. వాడు మాత్రం ఆపలేదు. కొత్త చోట్లకి కూడా వెళ్ళేవాడు, కబుర్ల గదులుండేవి, అక్కడ అడిగేవాడు, ఎనభై అయిదులో ఉప్పుబండి అనే పేరుతో రాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఒకడెవడో, నేనే అన్నాడు. వారం రోజులు ఉత్తరాలు నడిచాయి. ఆ వారం జెరోమ్ గడ్డం గీసుకున్నాడు, నాతో పేకాట కూడా ఆడాడు. ఎనిమిదో రోజు, ఊరికే తమాషాకి అన్నాను ముసలాడా, నమ్మేశావా అని రాశాడు వాడు. జెరోమ్ కంప్యూటర్ కట్టేసి, పైకొచ్చి, "అక్కా, ఇప్పుడక్కడ ఒకేసారి లక్షమంది కూర్చోవచ్చు, అరగంట గొడవ లేదు" అన్నాడు. రెండు వేల తొమ్మిదిలో పోయాడు, ఈ గదిలోనే. ఆఖరి రోజుల్లో కూడా ఫోన్ మోగితే తల తిప్పేవాడు.

మర్నాడు... అదొక్కటి చెప్పి లేస్తాను, మోకాళ్ళు పట్టేశాయి. ఆ ఆదివారానికి మర్నాడు, సోమవారం. అమ్మ ఎప్పుడూ ఈ మెట్లు దిగేది కాదు, ఆ రోజు వంటింటి కుర్చీ ఒకటి పట్టుకుని దిగింది. "రేపు రమ్మన్నారుగా. వచ్చిన మనిషికి ఎవరూ కనబడకపోతే ఏం బాగుంటుంది?" అంది. జెరోమ్‌ని లేపి, లోపలికి రాగానే కనిపించేలా ఒక మాట రాయమంది. నేను, క్షమించండి అని రాయరా అన్నాను. "అదెందుకు? వాళ్ళడిగింది అది కాదు" అంది అమ్మ. "ఉన్నాం అని రాయి." రాశాడు. నేను పైకెళ్ళి నిన్నటి పిండి ఉండలు ముక్కలు కోసి, గుడ్లు కొట్టి వేయించి మూడు పళ్ళాల్లో తెచ్చాను. ముగ్గురం ఆ స్క్రీన్ ముందే కూర్చుని తిన్నాం, చప్పుడు కాకుండా. అమ్మ జపమాల తీసింది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం. ఫోన్ మోగలేదు. మోగదు మరి, ఎవరూ చెయ్యొద్దని ఊరందరికీ మేమే చెప్పాం కదా.