రెండో కన్ను

భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో అమ్మ చేసిన చెక్క పిచ్చుక ఉంది. రెక్కలకు, ముక్కుకు రంగులు వేసింది. కళ్లు ఎప్పుడూ ఆఖరునే పెట్టేది. ఈసారి అవి పెట్టకుండానే పోయింది.

"పెయింట్ పెన్నును బాగా ఊపమ్మా. లోపల గోలీ చప్పుడు వినబడాలి."

"ఊపాను నాన్నా. పేపరు మీద నొక్కి కూడా చూశాను. రంగు దిగుతోంది కానీ గీత చీలిపోతోంది. ఇదీ అమ్మలాగే మొండిది."

"మరీ నిటారుగా పట్టుకున్నావేమో."

"ఎలా పట్టుకున్నా అంతే. మొన ఒకవైపే అరిగిపోయింది, చూడు. పారేసి కొత్తది తెచ్చుకుందాం."

"పారేస్తావా! ఎడమ చేత్తో పట్టుకుని చూడు."

"నాకు ఎడమ చేతివాటం కాదుగా."

"మీ అమ్మదిగా. ఆవిడ చేతికి అరిగిన మొన అది."

కూతురు పెన్నును ఎడమ చేతిలోకి మార్చుకుని పిచ్చుకకు కన్ను పెట్టింది. నల్లటి చుక్క గుండ్రంగా, నున్నగా కుదిరింది.

"వచ్చింది నాన్నా! అచ్చం అమ్మ పెట్టినట్టే ఉంది."

ఆయన పిచ్చుకను అందుకుని ఆ కన్ను వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని మూత గట్టిగా బిగించాడు.

"అదేంటి? రెండో కన్ను పెట్టాలిగా."

"పెడుదువులే తల్లీ. లోపల రంగు అడుగంటింది, ఇంకో కన్ను పెడితే అయిపోతుంది. ఇవాళ్టికి ఇది చాలు."